ముప్పై ఏళ్ల జైలంటే కంపెనీ దొంగలు జంకుతారా?

మీరు అడిగింది ఇది. ప్రీలాంచ్ ఫ్లాటు, అంటే అనుమతులు రాకముందే అమ్మే ఫ్లాటు పేరుతో మీ నాన్నగారి పదవీ విరమణ డబ్బు పోయింది. ఆ డబ్బు కట్టించుకున్న బిల్డరు బెయిలు మీద బయటికి వచ్చి దర్జాగా తిరుగుతున్నాడు. అమెరికాలో మాదిరిగా ఇక్కడ కూడా ఇరవై, ముప్పై ఏళ్లు లోపల వేస్తే ఇంకొకడు ఇలాంటి పనికి సాహసిస్తాడా?

సాహసిస్తాడు. మీ కోపం న్యాయమైనదే, అయినా నా జవాబు అదే. నేను చార్టర్డ్ అకౌంటెంటును. బ్యాంకుల తరఫున ఫోరెన్సిక్ ఆడిట్లు (లెక్కల్లో మోసం జాడ పట్టే తనిఖీలు) చేయడం, తర్వాత హైదరాబాదు నాంపల్లి కోర్టుల్లో సాక్షిగా నిలబడడం చాలా ఏళ్లుగా నా పని. లెక్కలు తారుమారు చేసే మనిషి ఆ రోజున శిక్ష ఎన్నేళ్లో చూసుకోడు. తనిఖీకి ఎవరు వస్తారు, ఎప్పుడు వస్తారు, వచ్చి ఏమడుగుతారు అన్నదే చూసుకుంటాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెతలో శిక్ష ఊసే లేదు, గమనించారా?

ముందు ఒక అపోహ తొలగించాలి. మన చట్టాలు మెతకవి కావు. పాత శిక్షాస్మృతిలోని 409 (నమ్మకద్రోహం), 467 (ఫోర్జరీ) సెక్షన్ల కింద యావజ్జీవం దాకా వేయవచ్చు. 2013 కంపెనీల చట్టంలోని 447వ సెక్షన్ మోసానికి పదేళ్ల వరకు జైలు, కాజేసిన మొత్తానికి మూడింతల దాకా జరిమానా అంటుంది. ప్రజాప్రయోజనం ముడిపడి ఉంటే మూడేళ్లకు తక్కువ వేయడానికి వీల్లేదు. నేరపు సొమ్మును సక్రమ సొమ్ముగా చూపించడాన్ని శిక్షించే మనీ లాండరింగ్ చట్టం కింద మూడు నుంచి ఏడేళ్లు. అనుమతి లేని డిపాజిట్లు సేకరించి ఎగ్గొట్టేవారికి 2019 నాటి చట్టం పదేళ్ల వరకు చెబుతోంది. ఇన్ని ఏళ్లు పుస్తకాల్లో ఉండగానే మీ నాన్నగారి డబ్బు పోయింది. వీటిని రెట్టింపు చేస్తే ఆ బిల్డరు ఆగేవాడని నేను నమ్మలేను.

ఎందుకు నమ్మలేనో చెప్పడానికి ఒక చిన్న కేసు. జీడిమెట్ల వైపు ఉన్న ఒక తయారీ సంస్థ, పేరు అనవసరం. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా, అంటే సరుకు హామీ మీద కావలసినప్పుడు అప్పు వాడుకునే ఖాతా ఉంది. అలాంటి ఖాతాదారు ప్రతి నెలా స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. గోదాములో ఉన్న సరుకు, రావలసిన బాకీలు చూసి ఆ నెల ఎంత వాడుకోవచ్చో బ్యాంకు తేలుస్తుంది. దాన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. ఆ స్టేట్‌మెంట్లన్నీ పక్కపక్కన పరిచి చూస్తే కొన్ని వస్తువుల నిల్వ నెలనెలా కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంది, మధ్యలో ఒక్క చోట తప్ప ఎక్కడా తగ్గలేదు. అమ్మకాలు జరిగే చోట నిల్వ అలా ఉండదు. గోదాముకు వెళితే ముందు వరుస పెట్టెల్లో సరుకుంది. వెనక వరుసల్లో ఖాళీ పెట్టెలకు టేపు వేసి పేర్చారు.

అకౌంట్స్ మేనేజరు యాభై దాటిన నెమ్మదస్తుడు. ఏదీ దాచలేదు. ఒక పెద్ద కొనుగోలుదారు నుంచి రావలసిన డబ్బు ఆలస్యమైంది, జీతాల తేదీ దగ్గరపడింది. "ఈ ఒక్క నెల కాస్త ఎక్కువ చూపిద్దాం, డబ్బు రాగానే సరిచేద్దాం" అన్నారట యజమాని. ఆ ఒక్క నెల ఏళ్ల తరబడి సాగింది. దీనికి జైలు పడుతుందని ఎప్పుడైనా అనిపించలేదా అని అడిగాను. నా వైపు వింతగా చూశాడు. ఆయనకు సెక్షన్లు తెలియవు. తెలిసిందల్లా బ్యాంకు నుంచి వచ్చే అధికారి ముందురోజు ఫోను చేస్తాడని, ముందు వరుస మాత్రమే చూస్తాడని, టీ తాగి రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్తాడని. మధ్యలో ఒకసారి బదిలీ మీద వచ్చిన కొత్త ఆఫీసరమ్మ ఫోను చేయకుండా వచ్చారట. గోదాము తాళం చెవి ఇంట్లో ఉండిపోయిందని ఎలాగో తప్పించుకున్నారు. "మళ్లీ వస్తాను" అని చెప్పి ఆవిడ వెళ్లిపోయారు. అంతే, ఆ తర్వాతి నెలల్లో చూపించిన నిల్వ తగ్గుతూ వచ్చింది. స్టేట్‌మెంట్లలో ఆ ఒక్క చోటే గీత కిందికి దిగింది. ఆవిడకు బదిలీ కాగానే మళ్లీ పైకి లేచింది.

ఆ కాలమంతటిలో చట్టంలోని శిక్ష మారలేదు, మారింది తనిఖీ ఒక్కటే. జూబ్లీహిల్స్‌లో శనివారం రాత్రి తాగి కారెక్కేవాడిని చూడండి. మోటారు వాహనాల చట్టంలో ఎన్ని నెలల జైలుందో అతనికి తెలియదు, ఏ చౌరస్తాలో పోలీసులు పరీక్ష చేస్తున్నారో మాత్రం స్నేహితులకు ఫోను చేసి మరీ కనుక్కుంటాడు.

ఇక మన ఊరి పెద్ద కేసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం ఇప్పటికీ దొరుకుతుంది, ఓపిక ఉంటే చదవండి. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. రాని వడ్డీ 376 కోట్లు, దాచిన అప్పు 1,230 కోట్లు, ఎక్కువగా చూపిన బాకీలు 490 కోట్లు. మొత్తం 7,136 కోట్లు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో 649 కోట్ల నిర్వహణ లాభం ప్రకటించారు. అసలు లాభం 61 కోట్లు. నా దృష్టిలో ఈ అంకెల కన్నా ముఖ్యమైన వాక్యం ఒకటి అందులో ఉంది. అసలు లాభానికీ చూపిన లాభానికీ మధ్య కొద్దిపాటి తేడాగా మొదలైంది, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయింది అని రాశారు. పులి మీద స్వారీ లాంటిదని, దిగితే అది తినేస్తుందని కూడా రాశారు.

జీడిమెట్ల మేనేజరు మాటకూ ఈ మాటకూ తేడా ఏముంది? మొదటి త్రైమాసికంలో కొద్దిపాటి తేడా కప్పిపుచ్చినవాడికి తాను నేరం చేస్తున్నానన్న స్పృహే ఉండదు, ఇక శిక్ష గురించిన లెక్క ఎక్కడిది? అమెరికా నేరశాస్త్రవేత్త డొనాల్డ్ క్రెస్సీ 1950ల మొదట్లోనే జైళ్లలో ఉన్న ఇలాంటి నేరస్థులతో మాట్లాడి ఈ సంగతి తేల్చాడు. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, చేతికి అందుబాటులో ఉన్న అవకాశం, తనకు తాను చెప్పుకునే సమర్థన. వాళ్లలో చాలామంది "అప్పుగా తీసుకున్నాను, తిరిగి పెట్టేస్తాను" అనే అనుకున్నారట.

స్పృహ వచ్చేది తేడా కొండంత అయ్యాక. అప్పుడు కఠిన శిక్ష ఏం చేస్తుందో ఆలోచించండి. దిగడానికి ఇంకా భయం పుట్టిస్తుంది. ఆరు నెలల జైలు, జరిమానాతో పోతుందంటే మూడో ఏట ఒప్పుకునే మనిషి, ముప్పై ఏళ్లంటే పదో ఏట దాకా కప్పిపుచ్చుతూనే ఉంటాడు. ఈలోగా ఇంకెంతమంది డబ్బు ఆ గోతిలో పడుతుందో! కఠిన శిక్షలు కావాలనేవారు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవడం నేను పెద్దగా చూడలేదు.

సత్యంలో నిజానికి అడ్డుపడగలిగింది ఏమిటి? ఒక ఉత్తరం. ఆడిటరు బ్యాంకుకు నేరుగా రాసి, జవాబు నేరుగా తన చిరునామాకు తెప్పించుకునే నిల్వ నిర్ధారణ లేఖ. 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు ఆ ఆడిటర్లకు జరిమానా వేసినప్పుడు ఎత్తిచూపిన లోపం ఇదే. నిర్ధారణ లేఖలు పంపడం, జవాబులు అందుకోవడం ఆడిటర్ల చేతిలో ఉండవలసింది, కంపెనీ చేతికి వదిలేశారు. మా వృత్తిలో చేరిన కుర్రవాడికి మొదటి ఏడాదే నేర్పే పాఠం అది. ఎన్ని పెద్ద సెక్షన్లున్నా ఆ ఉత్తరం పోస్టు చేసేవాడు లేకపోతే ఏం ప్రయోజనం?

తర్వాత కథ మీకు తెలిసిందే. 2009 జనవరిలో అరెస్టు. రెండు వందలకు పైగా సాక్షులు, వేల పత్రాలు. 2015 ఏప్రిల్ 9న నాంపల్లిలోని ప్రత్యేక న్యాయస్థానం రాజుకు, మరో తొమ్మిది మందికి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది. నెల తిరిగేసరికి, మే నెలలో, అప్పీలు విన్న సెషన్స్ కోర్టు శిక్ష అమలు నిలిపివేసి బెయిలు ఇచ్చింది. అప్పటికే ఆయన విచారణ ఖైదీగా రెండున్నర ఏళ్లకు పైగా కస్టడీలో గడిపారు. ఆ తీర్పు చూసి హైదరాబాదులోని మరో ప్రమోటరు నేర్చుకున్నదేమిటి? ఏడేళ్లు పడుతుందని కాదు. దొరికాక కూడా ఆరేళ్లు వాదించవచ్చని.

అమెరికా సంగతికి వద్దాం. లెక్కల మోసంతో ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ కూలాక 2002లో వాళ్లు చట్టం మార్చి, తప్పుడు లెక్కలకు తెలిసి తెలిసి సంతకం పెట్టే అధికారికి ఇరవై ఏళ్ల దాకా జైలన్నారు. అలాంటి మోసమే జరిగిన టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ అధిపతి ఎబ్బర్స్‌కు 2005లో 25 ఏళ్లు వేశారు. ఎన్రాన్ అధిపతి స్కిల్లింగ్‌కు 2006లో 24 ఏళ్లు వేశారు, తర్వాత అది 14కు తగ్గింది. టీవీల్లో, పత్రికల్లో ఇదే వార్త. సరిగ్గా ఆ ఏళ్లలోనే న్యూయార్క్‌లో బెర్నార్డ్ మేడాఫ్ కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు లాభాలు పంచుతూ కూర్చున్నాడు. అతన్ని ఆపింది ఎబ్బర్స్ శిక్ష కాదు. 2008లో మదుపరులు డబ్బు వెనక్కి అడిగితే ఇవ్వడానికి లేక కూలిపోయాడు. అతనికి వేసిన 150 ఏళ్లు చూసిన తరం నుంచే క్రిప్టో కరెన్సీ ఎక్స్ఛేంజి నడిపిన శామ్ బ్యాంక్‌మన్ ఫ్రైడ్ వచ్చాడు, 2024లో 25 ఏళ్లు వేయించుకున్నాడు. మరణశిక్ష ఉన్న వియత్నాంలో సైతం ఒక బ్యాంకును పదేళ్ల పాటు లోపలి నుంచి తోడేసిన కేసులో స్థిరాస్తి వ్యాపారి ట్రువాంగ్ మై లాన్‌కు 2024లో మరణశిక్ష వేశారు. ఆ మరుసటి ఏడాది నిధుల స్వాహాకు మరణశిక్షనే ఆ దేశం ఎత్తేసింది.

ఈ శిక్షలు చూసి ఎంతమంది వెనక్కి తగ్గారో ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. చేయని నేరానికి కేసు ఫైలు ఉండదు. అందుకే పరిశోధకులు వేరే దారిలో వెళ్లారు. నేరశాస్త్రవేత్త డేవిడ్ వైస్‌బర్డ్, ఆయన సహచరులు 1995లో అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఇలాంటి నేరాలకు శిక్షపడినవారిని పోల్చి చూశారు. జైలుకు వెళ్లినవారు, దాదాపు అలాంటి నేరమే చేసి జైలు తప్పించుకున్నవారు, పదేళ్లకు పైగా కాలంలో మళ్లీ అరెస్టయిన తీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరో నేరశాస్త్రవేత్త డేనియల్ నాగిన్ అన్ని రకాల నేరాల మీద దశాబ్దాల పరిశోధనను 2013లో సమీక్షించి, భయం పుట్టించేది పట్టుబడతామన్న నమ్మకమే, ఇప్పటికే పొడవుగా ఉన్న శిక్షను ఇంకా పొడిగిస్తే అదనంగా వచ్చేది స్వల్పం అన్నాడు. శిక్ష ఎంత కఠినమన్నది కాదు, తప్పదన్నదే నేరాన్ని ఆపుతుందని ఇటలీ తత్వవేత్త బెకారియా 1764లోనే చెప్పిన మాటకు ఇది ఆధునిక రుజువు.

మన దేశంలో రుజువు కావాలంటే చెక్ బౌన్స్ చూడండి. చెక్కు చెల్లకపోతే జైలన్న నిబంధన 1989లో అమల్లోకి వచ్చింది, ఏడాది దాకా శిక్ష. సరిపోలేదని 2002లో రెండేళ్లు చేశారు. 2021లో సుప్రీంకోర్టు లెక్క చూసేసరికి దేశమంతటా దాదాపు 35 లక్షల చెక్ కేసులు పేరుకుపోయి ఉన్నాయి. నాంపల్లి కోర్టు వరండాలో ఒక ఉదయం నిలబడితే ఆ రెండేళ్ల శిక్షకు ఎవరు ఎంత భయపడుతున్నారో అర్థమవుతుంది. కేసు ఎంతకాలం నడుస్తుందో ఇరు పక్షాల వకీళ్లకూ తెలుసు.

దానికి విరుద్ధంగా, ఎవరికీ జైలు వేయకుండానే మనుషుల నడవడి మారడం కూడా చూశాను. జీఎస్‌టీలో సరుకు అమ్మినవాడు ఇన్వాయిస్ పోర్టల్‌లో ఎక్కించి, అది కొన్నవాడి 2బి స్టేట్‌మెంటులో (అతని పేరున ఎక్కిన బిల్లులను పోర్టల్ చూపే జాబితా) కనిపిస్తేనే పన్ను క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు, దక్కుతుందని 2022 జనవరి నుంచి గట్టి చేశారు. జీఎస్‌టీ చట్టంలో ఐదేళ్ల జైలు మొదటి నుంచీ ఉంది. దాన్ని పట్టించుకోని బేగంబజారు వ్యాపారి ఈ ఒక్క నిబంధనతో సరఫరాదారుకు ఫోను చేసి "నా బిల్లు ఎక్కించావా లేదా" అని వెంటపడడం మొదలుపెట్టాడు. దొంగ ఇన్వాయిస్‌లు పోయాయని అనను, బోగస్ రిజిస్ట్రేషన్ల రూపంలో ఇంకా నడుస్తున్నాయి. కానీ మామూలు వ్యాపారి చిన్న చిన్న కక్కుర్తి బాగా తగ్గింది. దివాలా చట్టం కూడా అంతే. బాకీ ఎగ్గొట్టిన ప్రమోటరు తన కంపెనీని వేలంలో తానే చవకగా కొనుక్కోకుండా 2017 నవంబరులో 29ఏ సెక్షన్ పెట్టారు. అంతకుముందు బ్యాంకు మేనేజరు ఫోను ఎత్తనివాళ్లు కంపెనీ చేజారిపోతుందనగానే పరుగున వచ్చి బాకీ సెటిల్ చేసుకున్నారు. దివాలా కేసులు వినే ట్రిబ్యునల్ మెట్లెక్కకముందే సెటిల్ అయిన ఫైళ్లు నా చేతుల మీదుగానే ఎన్నో వెళ్లాయి.

మరి జైలు అక్కర్లేదా? కావాలి. తాతల నాటి ఇల్లు, క్లబ్బు సభ్యత్వం, పిల్లల పెళ్లి సంబంధాలు, ఇవన్నీ ఉన్నవాడికి జైలంటే ఉండే భయం జేబుదొంగకు ఉండదు. బెయిలు విచారణకు వచ్చి టీవీ కెమెరాలు చూడగానే రుమాలుతో మొహం కప్పుకునే ప్రమోటర్లను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కాకపోతే ఆ భయమంతా మొదటి రాత్రిదే. ఏడో ఏడు, పదిహేనో ఏడు ఎవరి ఊహకూ అందదు. జైలుకు పంపడం తప్పదు, రెండేళ్లలో తీర్పు వస్తుంది, కాజేసింది పైసాతో సహా కక్కాలి, మళ్లీ ఏ కంపెనీలోనూ డైరెక్టరు కాలేరు అన్న ఏర్పాటు ఉంటే మూడేళ్ల శిక్ష చాలు. ఇరవై ఏళ్లని రాసి పదేళ్లు విచారణ నడిపేదాని కన్నా అది ఎంతో భయపెడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది నాకు బాగా బాధ కలిగించేది. పెద్ద సెక్షన్ల కింద లోపలికి వెళ్లేది చాలాసార్లు పెద్దవాళ్లు కారు. డ్రైవరు పేరు, ఆఫీసు అటెండరు పేరు, ఊరి నుంచి వచ్చిన మేనల్లుడి పేరు డైరెక్టర్లుగా పెట్టిన కంపెనీలు ఎన్నో. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టినవాళ్లు. చెక్కుల మీద వాళ్ల సంతకాలే ఉంటాయి కాబట్టి మొదట అరెస్టయ్యేదీ వాళ్లే. ఖరీదైన వకీలు ఉన్నవాడు ముందస్తు బెయిలు తెచ్చుకుంటాడు. శిక్ష ఎన్నేళ్లు పెంచితే ఆ అటెండరు మీద అన్నేళ్ల భారం. పైగా అతను నోరు విప్పితేనే అసలువాడు దొరుకుతాడు, భయపెడితే విప్పడు. మోసాల పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2024 నివేదిక ప్రకారం బయటపడ్డ మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు ఉప్పందించడం వల్లే బయటపడ్డాయి, అందులో సగానికి పైగా ఆ సంస్థల ఉద్యోగులే. నాకు అధికారం ఉంటే శిక్షలు పెంచే బిల్లు పక్కనపెట్టి, ఉప్పందించినవాడి ఉద్యోగాన్నీ ప్రాణాన్నీ కాపాడే ఏర్పాటు ముందు చేస్తాను.

మీ విషయానికి వస్తే, స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా అలాంటి ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మడమే కాదు, అమ్ముతానని ప్రకటించడం కూడా నేరమే. ఆదేశాలిచ్చినా వినకుండా అదే కొనసాగిస్తే ఆ చట్టంలోనూ మూడేళ్ల దాకా జైలు ఉంది. అయినా హైదరాబాదులో చదరపు అడుగు సగం ధరకంటూ వాట్సాప్ బ్రోచర్లు తిరుగుతూనే ఉన్నాయి. పని ఆగిపోయే దాకా ఫిర్యాదు చేసేవాడు ఉండడు కాబట్టి. కొన్నవాళ్లు కూడా రహస్యంగా ఉంచుతారు, ఆ ధర మరొకరికి తెలిస్తే పోతుందేమోనని.

ఇప్పుడు అతని శిక్ష గురించి కాకుండా అతని ఆస్తి గురించి ఆలోచించండి. బ్యాంకు ద్వారా కట్టిన ప్రతి రూపాయికీ స్టేట్‌మెంటు తీసుకోండి. రసీదులు, బ్రోచరు, వాట్సాప్ సందేశాలు తారీఖులతో సహా భద్రపరచండి. ఆ భూమికి ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇచ్చే లావాదేవీల ధ్రువపత్రం) తీయించి అసలు ఎవరి పేరున ఉందో చూడండి. మీలాగా కట్టినవాళ్లను కూడగట్టుకుని మీ కమిషనరేట్‌లోని ఆర్థిక నేరాల విభాగంలో కలిసికట్టుగా ఫిర్యాదు ఇవ్వండి, వేరుగా రెరాలో వడ్డీతో సహా వాపసు కోరండి. 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం మన రాష్ట్రంలోనూ అమల్లో ఉంది. దాని కింద ఆస్తుల జప్తుకు ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవచ్చు, ప్రత్యేక కోర్టు ద్వారా వేలం వేసి పంచవచ్చు. ఫ్లాటు అడ్వాన్సు డిపాజిట్ కిందికి వస్తుందా అన్న వాదన ఎదుటి వకీలు తప్పక లేవనెత్తుతాడు. నెలనెలా అద్దె ఇస్తామనో, ఫలానా తేదీకి పెంచి తిరిగి కొంటామనో రాతపూర్వక హామీ ఉంటే మీ పక్షం బలపడుతుంది, కాబట్టి ఆ కాగితం ముందు వెతకండి. మనీ లాండరింగ్ కేసులు చూసే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఇప్పటికే ఏదైనా ఆస్తి జప్తు చేసి ఉంటే, మోసపోయినవారికి తిరిగి ఇప్పించమని మనీ లాండరింగ్ చట్టంలోని 8(8) సెక్షన్ కింద ప్రత్యేక కోర్టును అడగవచ్చు. నాన్నగారు నగదుగా కట్టిన భాగం ఏదైనా ఉంటే మీ వకీలుకు ఇప్పుడే చెప్పండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటిసారి బయటపడకూడదు.